స్పాలో సీనియర్స్, పాలపళ్లు ఒకే బరిలో

చిన్న పొట్లం ఆలూ ఫ్రైస్‌కి ఆరు యూరోలు, పైన మయొనైజ్‌కి ఇంకో యూరో. మనసులోనే తొంభైతో గుణించుకుని నోరు మూసుకున్నా. 2024 మే 11న బెల్జియంలోని స్పా ట్రాక్ మీద జరిగే ఆరు గంటల కార్ల రేసుకి మేము చేరేసరికే నా మూడ్ బాగాలేదు. జర్మనీలోని ఆఖెన్ నుంచి కారుంటే గంట కూడా పట్టదు. మాకు కారు లేదు. రైలు, బస్సు, ఆపైన కొండెక్కే నడకతో మూడు గంటలైంది.

వెంట వచ్చిన తమ్ముడు ఎంఎస్ చదువుతున్నాడు, గుంటూరు కుర్రాడు. దారి పొడుగునా హార్స్‌పవర్ గోలే. "అన్నా, ఎక్కువ పవర్ ఉన్నదే కదా ముందుండేది?" అన్నాడు. చూద్దాం పద అన్నా.

ట్రాక్‌లో రైడియోన్ అనే ఎక్కుడు పక్కన గట్టు మీద చోటు దొరికింది. కింద 'ఓ రూజ్' అనే మలుపు దగ్గర పల్లం, అక్కణ్ణించి గోడలా లేచే రోడ్డు. టీవీలో ఇంత ఎత్తని తెలియదు. మా కాళ్లకి మాత్రం తెలిసింది.

ఈ రేసులో జీటీ3, హైపర్‌కార్ అని రెండు రకాల కార్లు ఒకేసారి పరిగెడతాయి. మొదట గుండె అదరగొట్టింది కార్వెట్, మస్టాంగ్ లాంటి జీటీ3 కార్లు. ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ8 ఇంజన్లు, ఛాతీలో మోగే చప్పుడు. తమ్ముడు చెవులు మూసుకుని "ఇవే ఫాస్ట్" అని తేల్చేశాడు. ఆ వెనకే ఒక ఫెరారీ హైపర్‌కార్ అంత గోల లేకుండా వచ్చి, ఆ చప్పుడు బండిని ఎక్కుడులోనే దాటేసి పైన మాయమైంది. తమ్ముడు నోరు తెరిచాడు. నిజానికి నేనూ తెరిచాను.

పవర్‌లో తేడా మరీ అంత పెద్దదేం కాదు. హైపర్‌కార్‌కి నిబంధన ప్రకారం 500 కిలోవాట్ల చుట్టుపక్కల, అంటే 670 హార్స్‌పవర్. జీటీ3కి 500 హార్స్‌పవర్ పైచిలుకు. కానీ హైపర్‌కార్ కనీస బరువు 1030 కిలోలైతే, జీటీ3 దాదాపు 1300. పైగా ఒకటి రేసుకోసమే పుట్టిన బండి, గాలి దాన్ని నేలకి నొక్కి పట్టుకుంటుంది. రెండోది షోరూం కారుకి చుట్టం. 7.004 కిలోమీటర్ల రౌండ్‌కి మొదటిది రెండు నిమిషాలు దాటి కొన్ని సెకన్లు తీసుకుంటే, రెండోది ఇంకో పదిహేను సెకన్లో ఎక్కువో తీసుకుంటుంది.

ఇదే ట్రాక్ మీద 2018లో పోర్షే వాళ్లు 919 అనే రేసు బండికి రూల్స్ కట్లన్నీ విప్పేసి, 1160 హార్స్‌పవర్‌తో వదిలారు. రౌండ్‌కి 1:41.770 వచ్చింది, అంతకు ముందు ఏడాది ఇక్కడ ఫార్ములా వన్ పోల్ (రేసుకి ముందు క్వాలిఫైయింగ్‌లో అందరికన్నా వేగమైన రౌండ్) కంటే ముప్పావు సెకను తక్కువ. మళ్లీ 2020లో ఫార్ములా వన్ డ్రైవర్ హామిల్టన్, దాదాపు వెయ్యి హార్స్‌పవర్ ఉన్న కారుతో 1:41.252 చేశాడు. ఇది చెప్తే తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. నాకు అదే కావాలి.

నాకైతే ఆ గట్టు మీద చిలకలూరిపేట పక్కన మా తాతగారి ఊరు గుర్తొచ్చింది. సంక్రాంతికి ఎద్దుల బండలాగుడు పోటీలు. పళ్లని బట్టి వయసు లెక్కగట్టి, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, సీనియర్స్ అని విడివిడిగా జతల్ని దించేవారు. విభాగానికి తగ్గ బండ. ఇక్కడా అంతే, ఒక్కో కారుకి బరువు ఇంత, పవర్ ఇంత అని నిర్వాహకులే సరిచేస్తారు. దాన్ని బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అంటారు. తేడా ఏంటంటే, మా ఊళ్లో సీనియర్స్ జతనీ పాలపళ్ల దూడల్నీ ఒకేసారి బరిలోకి ఎవరూ వదలరు. తాతయ్య చూస్తే నిర్వాహకుల్ని తిట్టేవాడు.

ఆ తిట్టు ఎందుకో రేసు మొదలై నాలుగు గంటలు దాటాక తెలిసింది. ఎక్కుడు దాటాక వచ్చే కెమెల్ స్ట్రెయిట్ అనే తిన్నటి రోడ్డు మీద ఒక హైపర్‌కార్ ఒక జీటీ కారుని దాటబోయి తగిలింది. రెండూ వెళ్లి గోడకి కొట్టుకున్నాయి. గోడే విరిగింది. ఎర్రజెండా చూపి రేసు ఆపేశారు. రిపేరుకి దాదాపు రెండు గంటలు. ఫ్రైస్ దగ్గర క్యూ పెరిగింది, మేమూ నిలబడి ఇంకో ఏడు యూరోలు సమర్పించుకున్నాం.

ఆగిన టైమంతా తర్వాత కలిపారు. జోటా అనే ప్రైవేటు టీం పోర్షే గెలిచింది. కార్ల కంపెనీల సొంత టీంల ముందు అది చిన్న విషయం కాదు, కానీ అప్పటికి నా ధ్యాసంతా బస్సు మీదే. ఏడింటికి అయిపోవాల్సిన రేసు దాదాపు తొమ్మిదైంది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

చలిలో రోడ్డు పక్కన నిలబడితే ఒక పెద్దాయన వ్యాన్ ఆపాడు. బెల్జియంలోనే జర్మన్ మాట్లాడే ఓయ్‌పెన్ ఊరాయన, జర్మన్ మాట్లాడాడు కాబట్టి బతికిపోయాం. వెనక సీట్లో పెయింట్ డబ్బాలు, నిచ్చెన. కొండ దిగుతుంటే డబ్బాలన్నీ ఒకేసారి మా ఒళ్లోకొచ్చాయి. తమ్ముడు వాటిని రెండు చేతులా పట్టుకుని, "అన్నా, దీనికెన్ని హార్స్‌పవరో అడుగు" అన్నాడు. నేను అడగలేదు. మలుపులు ఇంకా చాలా ఉన్నాయి.