ఏమీ కాలేదు కదమ్మా!

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి మీద కోపం ఇంకా దిగలేదు, అందుకే ఈ టైములో కూర్చుని టైపు చేస్తున్నా. రాత్రి చపాతీలు ఒత్తుతూ కూడా ఆయన్నే తిట్టుకుంటుంటే మా ఆయన "ఈ పూట నేనేం చేశానే?" అని అడిగాడు పాపం.

పొద్దున బేస్‌మెంట్ ర్యాంపు మలుపులో మూడో ఫ్లోర్ వాళ్ళ కారు పైకెక్కుతుంటే ఒక డెలివరీ అబ్బాయి స్కూటరు మీద సర్రున కిందకి దిగాడు. మధ్యలో జానెడు సందు మిగిలింది, అంతే. చిన్నదాని చెయ్యి పట్టుకుని నేను పక్కనే ఉన్నా. ఆ మలుపులో ఉండాల్సిన గుండ్రటి అద్దం ఊడిపోయి ఎన్నాళ్ళయిందో మీకు తెలుసు, దాని గురించి ఇదివరకే ఏడ్చాను. సరే, ఈసారి రాసే పెడదామని సెక్యూరిటీ రూములో రిజిస్టర్ తెరిస్తే సెక్రటరీ గారు దాని మీద చెయ్యి పెట్టి "ఎవరికీ ఏమీ కాలేదు కదమ్మా, ఇంకేముంది రాసేకి" అన్నారు. మనవాడే, అనంతపురం ఆయన. మాట మెత్తగా ఉంటుంది, అందుకే ఇంకా మండుతుంది. అదే రిజిస్టర్లో మేడ మీద ఎవరో ఆరబెట్టిన వడియాల గురించి పేజీన్నర ఉంది. వడియాల గురించైతే రాయొచ్చు.

అక్కణ్ణించి నా బుర్ర విమానాల మీదకి పోయింది. ఇక్కడే, మన బెంగుళూరు ఎయిర్‌పోర్టులోనే, 2022 జనవరి 7 పొద్దున జరిగింది గుర్తుందా? ఉత్తరాన ఒక రన్‌వే, దక్షిణాన ఒక రన్‌వే. ఒకదాని మీంచి లేచేవి, ఇంకోదాని మీద దిగేవి నడుపుతున్నారు. మధ్యలో షిఫ్టు ఇన్‌ఛార్జి ఇక ఉత్తరం రన్‌వే ఒక్కటే వాడదాం, దక్షిణంది మూసేద్దాం అని నిర్ణయించాడు, నిర్ణయించాడు గానీ ఆ మాట దక్షిణం టవర్లో కూర్చున్న మనిషికి అందలేదు. దక్షిణం టవరాయన తన పాటికి తను ఒక విమానాన్ని వెళ్ళమన్నాడు, ఉత్తరం టవరాయన ఇంకోదాన్ని వెళ్ళమన్నాడు. ఒకటి కోల్‌కతాకి, ఒకటి భువనేశ్వర్‌కి, రెండూ ఇండిగోవే, దాదాపు ఒకేసారి లేచి గాల్లో ఒకదానివైపు ఒకటి వెళ్ళడం మొదలెట్టాయి. రాడార్ ముందున్న కంట్రోలర్ చూసి చెరో పక్కకీ తిప్పించాడు కాబట్టి సరిపోయింది. రెండిట్లో కలిపి 426 మంది.

నాకు పట్టుకున్నది మాత్రం ఆ తర్వాతి సంగతి. దీన్ని ఏ లాగ్‌బుక్కులోనూ రాయలేదు! పైవాళ్ళకీ చెప్పలేదు. రోజులు గడిచాక డీజీసీఏ, అదే విమానాల మీద పెత్తనం చేసే ప్రభుత్వ ఆఫీసు, చెవిన పడి విచారణ అంటే అప్పుడు పేపర్లోకెక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు కదమ్మా.

అత్తయ్యతో నేను చేసిన ఆ విమాన ప్రయాణం మీలో పాతవాళ్ళకి తెలుసు, సున్నుండల డబ్బా కథ. అప్పుడు సగమే చెప్పా, మిగతా సగం ఇది. ఆ స్టీలు డబ్బాని ఎంత చెప్పినా పైన పెట్టనివ్వలేదు ఆవిడ, కొంగు కప్పేసి ఒళ్ళోనే పెట్టుకుంది, ఎయిర్‌హోస్టెస్ కంట పడకుండా. దిగుతున్నాం. కింద ద్రాక్ష పందిళ్ళు, వాటి రాతి స్తంభాలు కూడా లెక్కపెట్టేంత దగ్గరికొచ్చేశాయి. ఇక చక్రాలు ఆనతాయి అనుకుంటుండగా ఇంజన్లు ఒక్కసారి గట్టిగా అరిచి ముక్కు పైకి లేచింది, నా వీపు సీటుకి అతుక్కుపోయింది, డబ్బా మూత ఊడి రెండు ఉండలు వెనక వరుసలోకి దొర్లిపోయాయి. ఎవరూ మాట్లాడట్లేదు. నేను పిల్లల పేర్లు తలుచుకుంటున్నా. కాసేపటికి కెప్టెన్, ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చెయ్యలేదు, ఇంకో చుట్టు తిరిగొచ్చి దిగుతాం అని చల్లగా చెప్పాడు. అత్తయ్య "దీనికింత హడావిడెందుకే, స్టాండులో చోటు లేకపోతే పాలకొల్లు బస్సు కూడా ఒక రౌండు కొట్టి రావట్లా" అనేసి, వెనక్కి తిరిగి "బాబూ, నీ కాళ్ళ దగ్గర రెండు సున్నుండలుంటాయి, కాస్త చూడు" అంది. ఆయన వెతికి, ఊదుకుని, ఒకటి తినేశాడు కూడా.

సాయంత్రం బాబాయికి ఫోన్ చేస్తే అది గో-అరౌండ్, ప్రమాదం రాకుండా చేసే మామూలు పని, దానికీ దీనికీ ముడిపెట్టకు అన్నాడు. ఎయిర్‌ఫోర్స్ మనిషి కదా, ఇక మొదలుపెట్టాడు. 1996లో చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ విమానం, కజక్ విమానం గుద్దుకుని 349 మంది పోయాక మన దేశంలో టీకాస్ తప్పనిసరి చేశారట. ఎదురుగా ఇంకో విమానం వస్తుంటే పైకెక్కు, కిందకి దిగు అని పైలట్‌కి అరిచి చెప్పే యంత్రం. కానీ నేలకి సుమారు వెయ్యి అడుగుల లోపు ఉన్నప్పుడు అది ఎక్కమనీ దిగమనీ చెప్పదు. ఎయిర్‌పోర్టు నెత్తిన ఇక మనుషుల కళ్ళూ చెవులే దిక్కు.

"మరి అలాంటప్పుడు రాయొద్దా బాబాయ్, దాచిపెడతారా?" అని నేను రెచ్చిపోతే, "ముంబయిలో ఏమైందో చూశావుటే?" అన్నాడు. 2024 జూన్ 8న అక్కడ ఎయిరిండియా విమానం ఇంకా లేస్తుండగానే అదే రన్‌వే మీద వెనకాలే ఇండిగో దిగింది. వీడియో అందరం చూశాం. కంట్రోలర్ని వెంటనే డ్యూటీలోంచి తప్పించారు. "అది చూసినవాడు రేపు తనంతట తాను పుస్తకంలో రాసుకుంటాడుటే?"

నా దగ్గర జవాబు లేదు. మా వాచ్‌మన్ గుర్తొచ్చాడు. పోయినసారి లిఫ్టు గురించి ఎవరో రిజిస్టర్లో రాస్తే చివరికి కోత పడింది అతని జీతంలో. సెక్రటరీ గారు చెయ్యి అడ్డం పెట్టింది అందుకేనేమో అనిపించింది ఒక్క నిమిషం. ఏమో, ఆయనకంత దయుందంటే నేను నమ్మను.

అయితే రాయకుండా ఉంటే ఏమవుతుందో కూడా ఇందాకే చదివా. 1974 డిసెంబర్ 1న అమెరికాలో టీడబ్ల్యూఏ విమానం వాషింగ్టన్ డలెస్‌లో దిగడానికొస్తూ, తొందరపడి కిందకొచ్చేసి కొండని కొట్టింది. 92 మంది. అంతకి ఆరు వారాల ముందే యునైటెడ్ విమానం ఒకటి అచ్చం అలాగే పొరబడి అదే కొండని కొద్దిలో తప్పించుకుంది, ఆ కంపెనీ తన పైలట్లకి చెప్పుకుంది గానీ అవతలి కంపెనీ వాళ్ళకి తెలీలేదు. ఆరు వారాలు! ఆ తర్వాత 1976లో నాసా చేతిలో ఒక పద్ధతి పెట్టారు. పైలట్లూ కంట్రోలర్లూ తమకి జరిగింది రాసి పంపితే పేర్లు తీసేసి దాస్తారు. లైసెన్సు పీకే ఆఫీసుకి చెప్పాలంటే ఎవరికైనా భయమే, నాసా ఎవరి లైసెన్సూ పీకలేదు కదా.

ఇదంతా మా ఆయనకి చెప్పి, మన అపార్ట్‌మెంట్లో కూడా పేర్లు లేకుండా చీటీలేసే డబ్బా ఒకటి పెట్టిద్దామా అన్నా. "పెట్టించు, మొత్తం 402 వాళ్ళ కుక్క మీదే వస్తాయి చీటీలు" అని అటు తిరిగి పడుకున్నాడు.

రానీ. ఆ కుక్క లిఫ్టులో చేసేది తక్కువేం కాదు.