బుధవారం చేప

మా ఇంట్లో చేప అంటే ఆదివారమే. నాన్న పొద్దున్నే సంచి పట్టుకుని కాకినాడ మార్కెట్‌కి వెళ్ళి, బేరమాడి, అక్కడే కోయించి తెచ్చేవారు. ఉప్పూ పసుపూ వేసి నాలుగుసార్లు కడగడం, చింతపండు పిసకడం, దాకలో పులుసు చిక్కబడేదాకా కాచుక్కూర్చోవడం, అన్నీ అయ్యేసరికి ఒంటిగంట దాటేది. పైగా ఆ పులుసుకి అసలు రుచి సోమవారం పొద్దున్నకి గానీ వచ్చేది కాదు. అలా పెరిగినదాన్ని. రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వచ్చి, తొమ్మిదికల్లా చేప తినేసి చెయ్యి కడుక్కోవచ్చని టోక్యో వచ్చేదాకా నాకు తెలీదు.

నేనుండేది నిషి కసాయిలో. వైటూకే రోజుల నుంచీ, అంటే 2000 ప్రాంతం నుంచీ, మన ఐటీ వాళ్ళు చేరిన పేట, కందిపప్పుకీ ఇంగువకీ లోటు లేదు. అద్దె ఫ్లాట్లో గ్యాస్ పొయ్యి బర్నర్ల కింద చిన్న సొరుగులాంటిది ఒకటి ఉంది. తొలి ఆర్నెల్లూ అందులో అట్లకాడలు దాచుకున్నాను. ఓరోజు లంచ్‌లో మాటల సందర్భంలో, మా ఆఫీసులో పక్క సీటు సీనియర్ ఆవిడ "మరి చేప దేంట్లో కాలుస్తావు?" అని అడిగితే గానీ అసలు సంగతి బయటపడలేదు. అది చేపలు కాల్చే గ్రిల్ అట. ఇంటికొచ్చి అట్లకాడలు తీసేసి చూశాను. జాలీ, దాని కింద పళ్ళెం, పైన మంట. మాది పాత రకం, మంట ఒక్క పైవైపు నుంచే. అంటే మధ్యలో చేపని తిప్పాలి, పళ్ళెంలో నీళ్ళు పొయ్యాలి. ఈ నీళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక చేప. ఇక్కడ వారం మధ్యలో అందరూ కాల్చుకునేది సాబా. మన కానాగంతలకి దగ్గర చుట్టం. మా వైపు కానాగంత అంటే కాస్త చిన్నచూపే, వంజరమో చందువో పండుగప్పో దొరకనినాడు తెచ్చుకునేది. ఇక్కడ దాన్ని వెన్నుముల్లు తీసి, రెండు చెక్కలుగా చీల్చి, తోలు మీది నీలం చారలు మెరిసేలా ప్యాక్‌లో పెడతారు. చాలా ప్యాకుల మీద కటకానా అనే జపనీస్ లిపిలో 'నోరువే' అని ఉంటుంది, అంటే నార్వే. నేను ముందుగా కూడబలుక్కుని చదివిన కటకానా మాటల్లో అదొకటి. చుట్టూ సముద్రం ఉన్న దేశంలో నార్వే చేపేమిటని ఆశ్చర్యపోయాను. కాల్చి చూస్తే తెలిసింది. ఆ కొవ్వుకి మంట తగలగానే తోలు చిటచిటలాడుతుంది.

సాయంత్రం ఏడున్నర దాటాక మా సూపర్‌మార్కెట్లో ఒకామె చేతిలో స్టిక్కర్ల మిషన్ పట్టుకుని చేపల వైపు వస్తుంది. ముందు ఇరవై శాతం తగ్గింపు, తర్వాత ముప్ఫై, ఆఖరికి 'హంగాకు', అంటే సగం ధర. అప్పటిదాకా తోఫు దగ్గరా ఉల్లిపాయల దగ్గరా ఏదో చూస్తున్నట్టు నటిస్తున్న సూట్లూ టైలూ అన్నీ మెల్లిగా అటు జరుగుతాయి. ఎవరూ ఎవరినీ తోయరు, ఎవరి కళ్ళూ ఎవరివీ కలవవు. నా చేతిలో ఉన్న ప్యాక్ చూసి ఆమె అడక్కుండానే స్టిక్కర్ అంటించిన రోజు, ఈ ఊళ్ళో నాకూ ఒకరు తెలుసన్నట్టు అనిపించింది.

మొదటిసారి నా పాండిత్యమంతా చూపించాను. అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి, నూనె కలిపి మందంగా పట్టించి, గ్రిల్‌లో పెట్టి స్నానానికి వెళ్ళాను. మంట పైనే ఉంటుంది కదా, చేప ఉడికేలోపు ముద్ద బొగ్గయింది. కారిన కొవ్వు నీళ్ళు లేని పళ్ళెంలో భగ్గున అంటుకుంది. గ్రిల్ సొరుగు తెరవకుండా గ్యాస్ కట్టేసేంత బుద్ధి ఎలా వచ్చిందో నాకే తెలీదు. అలారం మోత, కారం ఘాటు, కారిడార్లో పక్కింటి పెద్దాయన దగ్గు. తలుపు తీసి వంగి వంగి క్షమాపణలు చెప్పాను. విచిత్రమేమిటంటే, ఆ బిల్డింగ్ మొత్తం రాత్రి ఎనిమిదింటికి చేప వాసనే. దాన్ని ఎవరూ ఏమీ అనుకోరు. హైదరాబాద్‌లో "వెజిటేరియన్స్‌కే" అన్న బోర్డులు చూసి వెనక్కి తిరిగిన నాకు, ఇక్కడ చేప తప్పు కాలేదు, మిరపకాయ తప్పయింది.

మర్నాడు సీనియర్ ఆవిడ నవ్వాపుకుని చెప్పింది: ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు వదిలెయ్, ఊరిన నీళ్ళు తుడిచెయ్, నీచు వాటితోనే పోతుంది. సముద్రపు చేపని కండ వైపు నుంచీ ఏటి చేపని తోలు వైపు నుంచీ కాల్చాలని వాళ్ళలో ఒక నానుడి కూడా ఉందట. గోదావరి దగ్గర పుట్టి ఈ తేడా జపాన్‌లో నేర్చుకున్నాను. ఇప్పుడు నా పద్ధతి ఇది: రాగానే ఉప్పు చల్లి కుక్కర్ పెట్టేసి, స్నానం చేసొచ్చి, చేపని తుడిచి, తోలు మీద రెండు గాట్లు. పళ్ళెంలో నీళ్ళు. కండ పైకి ఆరేడు నిమిషాలు, తిప్పి తోలు పైకి నాలుగైదు. పసుపు, కారం, మిరియాల పొడి నిమ్మరసంలో పల్చగా కలిపి, ఆఖరి రెండు నిమిషాల్లో పూస్తాను. వెల్లుల్లి జోలికి పోను.

సాబా చుట్టూ ఇంకో మాట ఉంది. జపనీస్‌లో 'సాబా లెక్కపెట్టడం' అంటే లెక్కని తనకి అనువుగా మార్చి చెప్పడం, వయసు తగ్గించి చెప్పుకోవడంలాంటివి. త్వరగా పాడయ్యే చేప గనక, గబగబా లెక్కపెట్టి అమ్మేవారట, అందులో లెక్క తప్పేదట. మా టీమ్‌లో పని "మూడు రోజులు" అని ఎవరైనా అంటే నేను మనసులో ఆ చేపల్ని లెక్కపెట్టుకుంటాను. సాధారణంగా ఆ పని సాగి సాగి, తర్వాతి బుధవారం నేను ఆఫీసు నుంచి బయటపడేసరికి స్టిక్కర్ల వేళ దాటిపోతుంది.

అమ్మకి మాత్రం ఇదంతా ఒక వంట కాదు. నాకు రాత్రి తొమ్మిదైతే తనకి సాయంత్రం ఐదున్నర, టీ తాగుతూ ఫోన్ చేస్తుంది.

"పులుసు లేకుండా చేపేంటే? అన్నంలో ఏం కలుపుకుంటావు?"

అక్కడే దొరికిపోతాను. వీళ్ళు తురిమిన ముల్లంగి నంజుకుని, పొడి అన్నమే తింటారు. నాకు ముద్ద దిగదు. అందుకని మిరియాల చారు. చారన్నంలో కాల్చిన సాబా నంజుకుంటే ఎలా ఉంటుందో అమ్మకి ఎంత చెప్పినా వినదు. తిన్నాక జాలీ తోముతుంటే ఫోన్లో వినపడింది.

"ఏంటే ఆ గీకుడు?"

"గ్రిల్ జాలీ అమ్మా. తోలంతా అంటుకుపోయింది. పావుగంట నుంచి తోముతున్నా."

"పది నిమిషాల చేపకి పావుగంట తోముడా? పులుసు దాకైతే నీళ్ళు పోసి పడుకునేదానివి."