విషపు బంటు తిన్నాక మంత్రి ఎటు పోవాలి?

చదరంగంలో నల్లపావులతో నేను సిసిలియన్ నైడార్ఫ్ అనే ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుస) ఆడతాను. అందులో చాలామంది జోలికి పోని లైన్ ఒకటుంది, పాయిజన్డ్ పాన్, అంటే విషపు బంటు. తెల్ల శకటు జి5కి, బంటు ఎఫ్4కి వచ్చాక, నల్లమంత్రి బి6 మీదుగా వెళ్లి బి2 బంటును తినేస్తుంది. ఓపెనింగ్‌లో మంత్రిని తిప్పొద్దని చిన్నప్పుడు చెప్పిన పాఠాన్ని గట్టున పెట్టాల్సిందే.

ముందు ఇంజిన్, అంటే చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్ పెట్టుకుని ఎత్తులు బట్టీ పట్టాను. అది హాయిగా సున్నాలు, అంటే ఇద్దరూ సమానమని చూపిస్తుంది. ఆ సున్నా నిలవాలంటే ఎన్నిచోట్ల ఒకే ఒక్క ఎత్తు ఆడాలో మాత్రం చెప్పదు. దాన్ని కట్టేసి, బోర్డు మీద పావులు పేర్చుకుని, ప్రతి ఎత్తుకీ ఒకటే చూడసాగాను: మంత్రికి దారి ఉందా?

9వ ఎత్తుగా తెల్ల ఏనుగు బి1కి వచ్చిందనుకోండి. ఏ2 బంటును తింటే సి3 గుర్రం పట్టేస్తుంది. వెనక్కి పోదామంటే బి వరుసంతా ఏనుగుదే. మిగిలింది ఏ3 గడి ఒక్కటే. ఏనుగుకు బదులు గుర్రం బి3కి వస్తే దాడి పైకి కనిపించదు. కానీ తర్వాత ఏ3కి బంటు, ఏ2కి ఏనుగు వచ్చాయంటే మంత్రి చిక్కినట్టే. అందుకే అప్పుడూ ఏ3కే పరుగు.

1972లో ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం ఫిషర్, స్పాస్కీ ఆడిన 11వ గేమ్ చూశాక ఇది బాగా ఎక్కింది. స్పాస్కీ 14వ ఎత్తులో సి3 గుర్రాన్ని వెనక్కి, బి1కి తెచ్చాడు. దాడి చేస్తున్నవాడు గుర్రాన్ని ఇంటికి పంపడమేంటి అనిపిస్తుంది. అది ఏ3లోని మంత్రి మీదికి గురి! ఫిషర్ మంత్రి బి4, బి6, బి5 తిరిగి చివరికి దొరికిపోయింది. 31 ఎత్తుల్లో ఆట ముగిసింది. అదే లైన్‌లో 7వ గేమ్ డ్రా చేసుకున్న మనిషే ఈ ఫిషర్.

దారి దొరికాక అసలు టెన్షన్ మొదలవుతుంది. మంత్రి మూడు ఎత్తులు తిరిగేలోపు తెల్లవాళ్ల పావులన్నీ బయటికొచ్చేశాయి, మన రాజేమో ఇంకా నడిమధ్యే. వాళ్లు ఈ5కి బంటు తోస్తే రాజు మీదికి గీతలు తెరుచుకుంటాయి. ఒక్క బంటుకు ఇంత ఖరీదా అంటే, నాకైతే ఫర్వాలేదు. కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలో మాత్రం ఆడను, అంత లెక్క వేసే టైమ్ ఉండదు.

ఇంత కష్టపడ్డాక క్లబ్‌లో ఎదుటివాళ్లు చేసేదేంటంటే, 8వ ఎత్తులోనే గుర్రాన్ని బి3లో పెట్టి మంత్రి దారి మూసేస్తారు. విషమూ లేదు, బంటూ లేదు.