వాసన లేకుండా లేత్ శుభ్రం

పర్లాకిమిడిలో మా వెనుక వసారాలో ఉన్న, లోహపు ముక్కలను తిప్పుతూ చెక్కే యంత్రమైన చిన్న లేత్‌ను నేను కిరోసిన్‌తోనే తుడిచేవాడిని. ఆ వాసన వంటింటి దాకా పాకి, అన్నం కూడా కంపు కొడుతోందని అమ్మ గొడవ పెట్టిన తరువాత పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు ముందుగా ఇనుప రజనును బ్రష్‌తో ఊడ్చి, బెడ్ (లేత్ పొడవాటి అడుగు దిమ్మె) మీద జిగురుగా గట్టిపడిన పాత నూనెపై పలుచని మిషన్ ఆయిల్‌నే రాసి ఒక గంట నాననిస్తాను, ఎందుకంటే నూనె మడ్డి నూనెకే మెత్తబడుతుంది. గాలి గొట్టంతో ఊదితే రజను జారుడు భాగాల సందుల్లోకి దూరి వాటిని అరగదీస్తుంది. రంగు వేసిన భాగాలకు సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ చాలు. వాషింగ్ సోడా మాత్రం అల్యూమినియం పుల్లీలను తినేస్తుంది. వానాకాలంలో తుడిచిన వెంటనే ఆరబెట్టి నూనె పూయకపోతే తెల్లవారేసరికి తుప్పు కనిపిస్తుంది. కొబ్బరినూనె కూడా ప్రయత్నించాను. వాసన బాగుంది గాని, చలికాలంలో గడ్డకట్టింది.