వేడెక్కితేనే తప్పు చెప్పిన మ్యాప్ సెన్సర్

నాన్న కారు మూడు వారాల పాటు ఒకటే సతాయించింది. పొద్దున్నే తీస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, పికప్ బాగుంటుంది. అరగంట తిరిగి ఎక్కడైనా ఆపి, పది పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ తీస్తే మాత్రం నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాల్సిందే. అందుకున్నాక కూడా ఇంజన్ వణుకుతుంది, వెనక నల్ల పొగ, పెట్రోలు కంపు. ఓ నిమిషం అలా కొట్టుకుని తర్వాత సర్దుకుంటుంది.

మధ్యలో చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. స్కానర్ పెడితే పి0172 అని వచ్చింది. అంటే గాలికి తగ్గ మోతాదు కంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని. ఎందుకు ఎక్కువ పడుతోందో ఆ కోడ్ చెప్పదు.

మెకానిక్ దగ్గర రాత్రి వదిలి వచ్చాం. మర్నాడు స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేసి, "అంతా బాగానే ఉంది సార్, ఒకసారి నడిపి చూడండి" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన చూసేటప్పటికి బండి రాత్రంతా చల్లారి ఉంది. చల్లగా ఉన్నప్పుడు దానికి ఏ రోగమూ లేదు.

నాన్నే అన్నారు: "ఒరేయ్, ఇది పొద్దున ఎప్పుడూ మొరాయించదు. ఒళ్ళు కాలాకే దీని గొడవంతా. వేడి మీదే చూడు." నిజానికి సగం పని ఆ మాటతోనే అయిపోయింది.

ఆ ఆదివారం ఇద్దరం స్కానర్ తగిలించి లైవ్ డేటా చూస్తూ కూర్చున్నాం. మ్యాప్ సెన్సర్ అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టంలో, అంటే మానిఫోల్డ్‌లో, ప్రెషర్ కొలిచేది. మా కారులో ఆ అంకె చూసే ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) ఎంత పెట్రోలు పోయాలో లెక్కగడుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి కొంచెం వేడెక్కి ఐడ్లింగ్ నిలకడకి వచ్చాక మ్యాప్ 34 కిలోపాస్కల్స్. చక్కటి అంకె. ఆరోగ్యంగా ఉన్న మామూలు పెట్రోల్ ఇంజన్ ఐడ్లింగ్‌లో 30 నుంచి 40 మధ్య చూపిస్తుంది. తర్వాత అరగంట నడిపి, ఆపి, బానెట్ మూసే ఉంచి పదిహేను నిమిషాలు వదిలేశాం. ఆపిన ఇంజన్ మీద గాలి ఆడదు కాబట్టి బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. మళ్ళీ స్టార్ట్ చేస్తే అదే ఐడ్లింగ్‌లో 45. షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ అప్పటికప్పుడు పెట్రోలుని పెంచే, తగ్గించే లెక్క, మైనస్ 24 శాతం దాకా దిగింది. ఆక్సిజన్ సెన్సర్ "పెట్రోలు ఎక్కువైంది, తగ్గించు" అని మొత్తుకుంటోందన్నమాట.

వేడి మీద స్టార్టింగ్ కష్టమైతే నా మొదటి అనుమానం పెట్రోలు కారిపోయే ఇంజెక్టర్ మీదికి పోతుంది. కానీ ఇంజెక్టర్ కారితే మానిఫోల్డ్‌లో ప్రెషర్ అంకె 11 పెరగదు. కూలెంట్ టెంపరేచర్ 92 చూపిస్తోంది, అదీ నిజమే అనిపించింది. వాక్యూమ్ లీక్ అయితే మ్యాప్ పెరుగుతుంది, నిజమే. అయితే ఈ రకం ఇంజన్‌లో లీకైన గాలి నిజంగానే లోపలికి వస్తుంది, ప్రెషర్ చూసి కలిపిన పెట్రోలు దానికి దాదాపు సరిపోతుంది. ట్రిమ్ ఇంత లోతుకి పోదు. ఇక్కడేమో ఈసీయూ లేని గాలిని ఉందనుకుని పెట్రోలు పోస్తోంది.

ఈ అనుమానాలన్నిటినీ ఒక్క దెబ్బకి విడదీసే పరీక్ష ఒకటుంది. చాలామంది దాన్ని వదిలేసి నేరుగా కొత్త పార్ట్ కొనడానికి వెళ్తారు, నాకు అది బాధగా ఉంటుంది. ఇంజన్ ఆపేసి, కీ మాత్రం ఆన్‌లో పెట్టాలి. ఇంజన్ తిరగనప్పుడు మానిఫోల్డ్‌లో పీల్పు ఉండదు. లోపల ఉన్నది బయటి గాలే. అప్పుడు మ్యాప్ సెన్సర్ వట్టి బారోమీటర్. చిరిగిన హోసు, తప్పిన టైమింగ్, మూసుకుపోయిన సైలెన్సర్, ఇవేవీ ఆ అంకెని మార్చలేవు. అంకె తప్పైతే దోషం సెన్సర్‌లోనో వైర్లలోనో ఉన్నట్టే.

పోల్చుకోవడానికి బయటి ప్రెషర్ తెలియాలి. బారోమీటర్ ఉన్న ఫోన్ అయితే దాని అంకె తీసుకోవచ్చు. వాతావరణం యాప్‌లో కనిపించేది మాత్రం సముద్ర మట్టానికి లెక్కగట్టిన ప్రెషర్, మీరున్న చోటుది కాదు. వెయ్యి మీటర్ల ఎత్తులో అసలు ప్రెషర్ 90 దగ్గర ఉంటుంది, యాప్ మాత్రం 101 అంటుంది. స్కానర్‌లో కనిపించే బారో (బయటి ప్రెషర్) అంకెనీ గుడ్డిగా నమ్మకండి. చాలా బండ్లలో కీ తిప్పగానే మ్యాప్ సెన్సర్ చెప్పినదాన్నే ఈసీయూ బారోగా రాసుకుంటుంది. దొంగనే సాక్ష్యం అడిగినట్టు అవుతుంది.

నా ఫోన్ 98 అంది. పొద్దున కీ ఆన్ చేసినప్పుడు మ్యాప్ కూడా 98. ఇప్పుడు వేడి మీద 109. టర్బో లేని ఇంజన్, ఆపి ఉంది. లోపలి ప్రెషర్ బయటికంటే ఎక్కువ ఉండడానికి దారే లేదు.

ఇక వైర్ల వంతు. సెన్సర్‌కి ఐదు వోల్టుల రిఫరెన్స్ (ఈసీయూ పంపే కరెంటు), గ్రౌండ్, సిగ్నల్ అని మూడు వైర్లు ఉంటాయి. మా దాంట్లో గాలి టెంపరేచర్ కోసం నాలుగోది కూడా ఉంది. కనెక్టర్ పీకకుండా వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి మల్టీమీటర్ పెట్టాను. రిఫరెన్స్ 4.98 వోల్టులు. గ్రౌండ్ వైరుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 8 మిల్లీవోల్టులు. ఇది తప్పక చూడాలి, ఎందుకంటే గ్రౌండ్ సరిగ్గా అందకపోతే మంచి సెన్సర్ కూడా ఎక్కువే చూపిస్తుంది. సిగ్నల్ పొద్దున 4.1 ఉన్నది ఇప్పుడు 4.5 దాటింది. వైర్ల కట్టని అటూ ఇటూ ఊపినా అంకె చలించలేదు.

బోల్టు ఒక్కటే. విప్పి సెన్సర్‌ని బయటికి లాగాను, కనెక్టర్ అలాగే ఉంచి. ఓ-రింగ్ మెత్తగానే ఉంది, రంధ్రం చుట్టూ పల్చటి నూనె మరక తప్ప మసి లేదు. ఆ రంధ్రంలో సూదులు, వైర్లు పెట్టి గీకొద్దు, లోపల సిలికాన్ పొర చాలా సున్నితం. చేతిలో పట్టుకుని చల్లారనిస్తే 109 నుంచి మెల్లగా దిగి 98కి వచ్చి ఆగింది. అప్పుడు హెయిర్ డ్రయ్యర్ తెచ్చి జానెడు దూరం నుంచి వేడి గాలి కొట్టాను. నాన్న స్కానర్ పట్టుకుని చదువుతున్నారు: "తొంభై తొమ్మిది... నూట రెండు... నూట ఆరు... ఒరేయ్ నూట తొమ్మిది!" ఆయన గొంతులో అంత ఉత్సాహం విని చాలా రోజులైంది.

చివరగా చేతి వాక్యూమ్ పంపుతో పాదరసం కొలతలో 20 అంగుళాలు లాగాను, అంటే సుమారు 68 కిలోపాస్కల్స్. చల్లగా 98 నుంచి 30కి దిగింది, వేడిగా 109 నుంచి 41కి. రెండు చోట్లా తేడా అదే 11. ఈ అంకెతో మొత్తం కథ అర్థమైంది. ఫుల్ థ్రాటిల్‌లో దాదాపు వందకి 11 అంటే పదో వంతు తప్పు, బండి లాక్కుపోతుంది. ఐడ్లింగ్‌లో 34కి 11 అంటే మూడో వంతు అదనపు పెట్రోలు. స్టార్ట్ చేసిన మొదటి నిమిషం ఆక్సిజన్ సెన్సర్ మాట ఇంకా లెక్కలోకి రాదు కాబట్టి దిద్దేవాళ్ళు లేరు, నల్ల పొగ అప్పుడే. తర్వాత ట్రిమ్ దిద్దుకుంటుంది, సర్దుకుంటుంది.

మ్యాప్ సెన్సర్ పేరుతోనే వచ్చే పి0108 కోడ్ ఎందుకు పడలేదో కూడా తేలిపోయింది. సిగ్నల్ ఐదు వోల్టుల అంచుకి పోతేనే అది పడుతుంది. నాలుగున్నర వోల్టులు ఈసీయూ కళ్ళకి సబబైన అంకే.

కొత్త సెన్సర్ పెట్టాక అదే హెయిర్ డ్రయ్యర్ పరీక్ష దానికీ చేశాను. 98 దగ్గర కదలకుండా నిలబడింది. నలభై నిమిషాలు తిప్పి, ఆపి, పదిహేను నిమిషాలాగి నాన్న కీ తిప్పారు. ఒక్క సెల్ఫ్. మ్యాప్ 34, పొగ లేదు.

ఇంకొక్క పని మిగిలింది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే ఇంజన్ ఆయిల్‌లో పెట్రోలు వాసన గుప్పుమంది. మూడు వారాలు ఎక్కువ పడిన పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగింది. ఆయిల్ పల్చబడితే బేరింగులకి ప్రమాదం. మార్చే గడువు ఇంకా రాకపోయినా ఆ సాయంత్రమే ఆయిలూ ఫిల్టరూ మార్చేశాం.