జైలుకు పోయొస్తే ఓటు పోతుందా?

పోదు. కడప సెంట్రల్ జైల్లో శిక్ష పూర్తిచేసి గేటు దాటిన రోజు నుంచే ఓటు వేయొచ్చు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల మాదిరి గవర్నరుకు అర్జీ పెట్టుకునే పని మనకు లేదు. కొన్ని ఎన్నికల నేరాల్లో శిక్ష పడితే మాత్రం ఆరేళ్లు ఓటు ఉండదు.

అసలు చిక్కు లోపల ఉన్నప్పుడే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) ప్రకారం జైల్లో గానీ పోలీసు కస్టడీలో గానీ ఉంటే ఓటు లేదు. నేరం రుజువైందా లేదా అన్నది చూడరు. అదే కేసులో బెయిలు దొరికినోడు దర్జాగా వేసొస్తాడు. పూచీకత్తుకు మనిషి దొరకనోడు రిమాండులోనే ఉండిపోతాడు. 2013 సవరణ తర్వాత ఆ రిమాండు ఖైదీ పోటీ చేయొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు! నా లెక్కలో కనీసం విచారణ ఖైదీలకైనా ఓటుండాలి. పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద లోపలున్నవాళ్లకు పోస్టల్ బ్యాలెట్ ఇస్తూనే ఉన్నారు కదా.

జైల్లో ఉన్నంత మాత్రాన ఓటర్ల జాబితాలో పేరు తీయకూడదు. అయినా ‘ఊర్లో లేడు’ అని ఎవరైనా పేరు తీసేయమని ఫారం 7 పెడితే, నోటీసు ఇంటికొచ్చి, జవాబిచ్చే దిక్కులేక పేరు ఎగిరిపోతుంది. ఇంట్లోవాళ్లు ఆ నోటీసును వదిలేయకూడదు. విడుదలయ్యాక ముందు జాబితా చూసుకోండి. పేరు లేకుంటే ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8. బీఎల్వోకు (పోలింగ్ బూతు స్థాయి అధికారికి) ఇవ్వొచ్చు, ఆన్‌లైన్లోనూ పెట్టొచ్చు. నామినేషన్ల గడువు దాకా ఆగితే ఆ ఎన్నికకు అందదు.