న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ప్రాజెక్టు: వంటింటి కొలత నుంచి వైవా దాకా

న్యూట్రిషన్ ఎమ్మెస్సీలో థియరీ పేపర్లు ఎలాగోలా గట్టెక్కుతాయి. మనిషిని నిజంగా పరీక్షించేది చివరి ఏడాది ప్రాజెక్టు. హైదరాబాద్‌లో నేను తీసుకున్న అంశం 20 నుంచి 29 ఏళ్ల ఆడవాళ్ల తిండి, ఒంట్లో కొవ్వు శాతం, గుండె ఊపిరితిత్తుల దమ్ము. అంశం మీది వేరైనా కొలతలన్నీ దాదాపు ఇవే. లెక్క ఎక్సెల్ చేసిపెడుతుంది. ఆ లెక్క నిలుస్తుందా లేదా అన్నది మాత్రం అన్నం గిన్నె పక్కన, చర్మపు మడత మందం కొలిచే క్యాలిపర్ మొనల దగ్గర తేలిపోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నదంతా ఎక్కువగా కొలిచే పని గురించే.

ముందు ఎథిక్స్ కమిటీ. గైడ్ సరే అనగానే ఫారాలు పట్టుకుని బయల్దేరకూడదు. అనుమతి పత్రం మీది తేదీకి ముందు తీసుకున్న డేటా ఏదీ చెల్లదు. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, అదీ చదివితే అర్థమయ్యే తెలుగులో. "శరీర కూర్పు కొలతలు తీసుకుంటాము" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "జబ్బ ముందు, వెనక, వీపు మీద, నడుము పక్కన చర్మాన్ని వేళ్లతో పట్టి పరికరంతో కొలుస్తాం, కొలిచేది ఆడవాళ్లే" అని రాస్తే చదివినవాళ్లు సరేనో కాదో చెప్పగలరు. 18 ఏళ్లు నిండని వాళ్లు ఉంటే తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుదల కూడా కావాలి.

ఎంతమందిని తీసుకోవాలన్నది ఊహించి రాయొద్దు. ఒక లోపం ఎంతమందిలో ఉందో ముందే తెలియకపోతే 50 శాతం అనుకుని, 10 శాతం అటూఇటూ పొరపాటును ఒప్పుకుంటే 96 మంది వస్తారు (1.96 × 1.96 × 0.5 × 0.5 ÷ 0.01). మధ్యలో మానేసేవాళ్లకి 10 శాతం వదిలితే 107. అదే పొరపాటు 5 శాతమే ఉండాలంటే 384 మంది కావాలి. ఒక్క విద్యార్థి మూడు రోజుల డైట్ రీకాల్‌తో (తిన్నదంతా అడిగి రాసుకోవడం) అంతమందిని చేయడం అయ్యే పని కాదు, ఆ మాట సినాప్సిస్‌లోనే (ముందుగా ఇచ్చే ప్రాజెక్టు ప్రతిపాదనలోనే) రాసేయొచ్చు.

ఇక డైట్ రీకాల్. ఎక్కువ ప్రాజెక్టులు దెబ్బతినేది ఇక్కడే. గడిచిన 24 గంటల్లో ఏం తిన్నారో అడిగి, దాన్ని పచ్చి సరుకు గ్రాముల్లోకి మార్చాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పద్ధతిలో దీనికి కొలత తెలిసిన 12 కప్పుల సెట్టు వాడతారు. ఆ ఇంట్లో వండిన కూర మొత్తం ఎన్ని మిల్లీలీటర్లు అయింది, అందులో ఏ సరుకు ఎన్ని గ్రాములు పడింది, ఈ మనిషి ఎన్ని మిల్లీలీటర్లు తిన్నది: ఈ మూడూ కావాలి. పచ్చి సరుకును మొత్తం వంటతో భాగించి, తిన్నదానితో గుణించాలి. 100 గ్రాముల కందిపప్పు టమాటాతో వండితే 800 మి.లీ. పప్పు అయింది, ఆమె వేసుకున్నది 160 మి.లీ. అనుకుందాం. ఆమె తిన్న కందిపప్పు 20 గ్రాములు, దాంట్లో ప్రొటీన్ 4.3 గ్రాములు. "రోజూ గిన్నెడు పప్పు తింటా" అనే మాట వెనక ఉన్న అంకె అది.

అన్నం దగ్గర పొరపాటు ఇంకా పెద్దది. నలుగురికి 600 గ్రాముల బియ్యం వండితే సుమారు 1,600 గ్రాముల అన్నం, కప్పులతో కొలిస్తే 2,400 మి.లీ. దాకా వస్తుందనుకోండి. ఆమె 500 మి.లీ. తింటే అది 125 గ్రాముల బియ్యం, 445 కిలో కేలరీలు. అదే అన్నాన్ని తూచి, 333 గ్రాములని బియ్యం వరసలో ఎక్కిస్తే 1,185 కేలరీలు అవుతుంది! ఒక్క పూట భోజనంలో ఇంత తేడా. ఎక్సెల్ ఎర్రజెండా ఊపదు, మనమే చూసుకోవాలి. నా షీట్‌లో ప్రతి సరుకు పేరు పక్కన "పచ్చి" అనో "వండినది" అనో ఒక గడి ఉండేది, అది ఖాళీగా ఉంటే లెక్క జరగకుండా పెట్టుకున్నాను.

బియ్యం కొలత ఇంటింటికీ మారుతుంది. ఒకరు స్టీలు గ్లాసంటారు, ఒకరు సోలంటారు, ఒకరు కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు చూపిస్తారు. ఏ పుస్తకంలోనో ఉన్న సోల బరువు వేయడం దండగ. వాళ్ల గ్లాసుతోనే, వాళ్లు పోసే తీరులోనే (తలగొట్టి పోస్తారా, కుప్పగా పోస్తారా) బియ్యం పోయించి, వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచాలి. ఇంకొకటి: మనం అడిగే అమ్మాయి వండకపోవచ్చు. సరుకుల లెక్క వండిన అత్తగారినో అమ్మనో అడగాలి, తిన్న లెక్క తిన్నవాళ్లనే అడగాలి. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెడితే కోడలు రెండో వాయి ఇడ్లీల సంగతి చెప్పదు.

నూనెను కూర కూరకీ అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటారో అడగడం మేలు. నలుగురున్న ఇంట్లో నెలకు 3 లీటర్లంటే, లీటరు దాదాపు 915 గ్రాములు కాబట్టి, మనిషికి రోజుకు 23 గ్రాములు పడుతుంది. పండగ పిండివంటలు చేసిన నెలా, ఇంటికి చుట్టాలొచ్చిన నెలా వదిలేయాలి. ఉప్పు, పంచదార కూడా ఇలాగే.

అడిగే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. "పొద్దున టిఫిన్ ఏం చేశారు?" అంటే టిఫిన్ తినని అమ్మాయి కూడా మొహమాటానికి ఇడ్లీ అంటుంది. "లేచాక మొదట నోట్లో ఏం పడిందమ్మా?" అని మొదలుపెట్టి, గంటల వరసలో రాత్రి పడుకునే దాకా రావాలి. ఒకసారి అంతా రాసుకున్నాక మళ్లీ మొదటికెళ్లి మరిచినవి అడగాలి: టీలు, బిస్కెట్లు, ఆఫీసు దగ్గర మిర్చి బజ్జీ, ఊరగాయ, చివర్లో మజ్జిగ, పిల్లాడు వదిలేసిన ముద్ద. మజ్జిగ అంటే ఎంత పెరుగుకి ఎన్ని నీళ్లో అడగకపోతే కాల్షియం లెక్క తేలిగ్గా రెట్టింపవుతుంది.

రోజుల ఎంపిక: రెండు మామూలు రోజులు, ఒక ఆదివారం. మన ఇళ్లలో కోడికూర, చేపలు ఎక్కువగా పడేది ఆదివారమే, దాన్ని వదిలితే ప్రొటీన్ తగ్గుతుంది. మూడూ ఆదివారాలైతే పెరుగుతుంది. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లని ముందే అడిగి రాసుకోవాలి. కార్తీక మాసంలోనూ రంజాన్ నెలలోనూ మామూలు తిండి సర్వే పెట్టుకోకపోవడమే మంచిది.

పోషకాల పట్టికకు 2017 నాటి భారతీయ ఆహార కూర్పు పట్టికలు వాడతాం, అందులో 528 ఆహారాలున్నాయి. రెండు జాగ్రత్తలు. శక్తి అందులో కిలో జౌళ్లలో ఉంటుంది, 4.184తో భాగించాలి. బియ్యం 1,491 అని చూసి కేలరీలనుకుంటే కథ కంచికే. రెండోది, విలువలన్నీ తినగలిగే భాగంలో 100 గ్రాములకి. ములక్కాడ పిప్పి, కోడి ఎముక, కాడలు తీసేసిన తోటకూర: వీటి బరువు తగ్గించాకే పట్టికలో వెతకాలి. పాత పట్టికలో రాగుల కాల్షియం 344 మి.గ్రా., కొత్తదాంట్లో 364. అందుకని సగం అంకెలు అక్కడివి, సగం ఇక్కడివి కలపొద్దు.

రాబట్టిన శక్తి నమ్మదగిందో కాదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 18–30 ఏళ్ల ఆడవాళ్లకి విశ్రాంతి శక్తి సుమారుగా బరువు × 14.7 + 496. 55 కిలోలంటే 1,305 కేలరీలు. రీకాల్ సగటు 1,050 వస్తే, బరువు తగ్గకుండా ఎవరూ రోజూ అలా బతకలేరు. అంటే చెప్పింది తక్కువ, లేదా మనం అడిగింది తక్కువ. అలాంటి ఫారాలను చెరిపేయకుండా విడిగా గుర్తుపెట్టి, కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి ఫలితం చూపాలి.

ఒంటి కొలతల్లో ఎత్తు సులువనుకుంటాం. కొప్పు, పూలు, క్లిప్పు తీయించకపోతే రెండు మూడు సెంటీమీటర్లు అటే పోతాయి. నడుము చుట్టుకొలత చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలిన చివర తీయాలి. లంగా బొందు కట్టిన గాడి దగ్గర టేపు పెట్టడం అందరూ చేసే పని, అది తప్పు చోటు. ఆడవాళ్లకి 80 సెం.మీ. దాటితే ప్రమాదం కింద లెక్క. బీఎంఐలో మనవాళ్లకి 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం.

స్కిన్‌ఫోల్డ్ (చర్మపు మడత మందం) నాలుగు చోట్ల: జబ్బ ముందు, జబ్బ వెనక, రెక్క ఎముక కింద, తుంటి ఎముక పైన. కుడి పక్కే తీయాలి. వేళ్లతో పట్టిన చోటికి సెంటీమీటరు దిగువన క్యాలిపర్ పెట్టి, పట్టు వదలకుండా, రెండు సెకన్లకి అంకె చదవాలి. ఆలస్యమైతే చర్మం కింద కొవ్వు నొక్కుకుపోయి అంకె తగ్గుతూ పోతుంది. ఒకే చోట వరసగా మూడుసార్లు తీసినా అదే జరుగుతుంది కాబట్టి నాలుగు చోట్లూ ఒక చుట్టు తిరిగి, మళ్లీ మొదటికి రావాలి. కొబ్బరినూనె, లోషన్ రాసుకుని వస్తే వేళ్లు జారతాయి. నాలుగింటి మొత్తం 60 మి.మీ. వచ్చిందనుకోండి: 20–29 ఏళ్ల ఆడవాళ్లకి శరీర సాంద్రత = 1.1599 − 0.0717 × (60 లాగ్ విలువ 1.778) = 1.0324. 495ని దాంతో భాగించి 450 తీసేస్తే 29.5 శాతం కొవ్వు. ఫీల్డ్‌కి ముందు పదిమందిని రెండేసిసార్లు కొలిచి, తేడాల వర్గాల మొత్తాన్ని 20తో భాగించి వర్గమూలం తీస్తే మీ చేతి పొరపాటు ఎంతో వస్తుంది. ఈ ఒక్క అంకె థీసిస్‌లో ఉంటే పరీక్షకులు గౌరవంగా చూస్తారు.

దమ్ము పరీక్షకి క్వీన్స్ కాలేజ్ స్టెప్ టెస్ట్ చాలు. 41.3 సెం.మీ. బల్ల, ఆడవాళ్లకి నిమిషానికి 22 సార్లు ఎక్కి దిగడం, మెట్రోనోమ్ 88 మీద, మూడు నిమిషాలు. ఆపాక 5వ సెకను నుంచి 20వ సెకను దాకా నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. 65.81 నుంచి 0.1847 × నాడి తీసేయాలి. నాడి 160 అయితే 36.3, అంటే కిలో బరువుకి నిమిషానికి ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ మిల్లీలీటర్లు. పదిహేను సెకన్లలో ఒక్క కొట్టు తప్పినా నిమిషానికి నాలుగు తేడా, ఫలితంలో 0.74. స్కిన్‌ఫోల్డ్‌లు దీనికి ముందే ముగించాలి, చెమట పట్టాక కొలత కుదరదు. టీ తాగి, తిని వెంటనే ఎక్కించొద్దు. గుండెనొప్పి, తలతిరుగుడు లాంటి ప్రశ్నల్లో ఒక్కదానికి అవునన్నా ఎక్కించొద్దు. పొట్టివాళ్లకి ఈ బల్ల ఎత్తు ఎక్కువ, గుండె కంటే ముందు తొడలు అలసిపోతాయి. దాన్ని పరిమితుల్లో రాయాలి.

విశ్లేషణలో పరీక్షకులు పట్టుకునే చోటు ఒకటుంది. ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థల 2020 సిఫార్సుల్లో 55 కిలోల స్త్రీకి ప్రొటీన్ సిఫార్సు (దాదాపు అందరికీ సరిపోయే మొత్తం) రోజుకు 45.7 గ్రాములు, సగటు అవసరం (సగం మందికి సరిపోయేది) 36.3. 40 గ్రాములు తిన్న అమ్మాయిని "లోపం" కింద వేస్తే వైవాలో దొరికిపోతారు. గుంపులో ఎంతమందికి చాలడం లేదో చూడాలంటే సగటు అవసరంతో పోల్చాలి. ఐరన్‌కి మాత్రం ఇదీ నేరుగా పనికిరాదు (సిఫార్సు 29 మి.గ్రా., సగటు అవసరం 15), ఎందుకంటే నెలసరి రక్తస్రావం వల్ల ఆడవాళ్ల అవసరాలు ఒకవైపుకి సాగి ఉంటాయి. అక్కడ సంభావ్యత పద్ధతి (ఒక్కొక్కరికి చాలకపోయే అవకాశం ఎంతో లెక్కగట్టి సగటు తీయడం) వాడాలి. శక్తి చాలుతోందా అన్నది బీఎంఐతో చూడాలి. విటమిన్ ఏకి సగటు కాకుండా మధ్యస్థం (వరసగా పేరిస్తే నడిమిన వచ్చే విలువ) ఇవ్వాలి. మూడు రోజుల్లో ఒకసారి తోటకూర తిన్నా సగటు ఎక్కడికో వెళ్లిపోతుంది.

వైవాలో ఏదో ఒక ఫారం బయటికి తీసి, ఒక కూరను చేతితో లెక్కించి చూపమంటారు. కప్పు నంబరు, మొత్తం వంట మిల్లీలీటర్లు, పచ్చి సరుకు బరువు, వాళ్ల గ్లాసులో పట్టిన బియ్యం గ్రాములు అన్నీ ఆ పేజీ మీదే ఉంటే రెండు నిమిషాల పని.